వల పొడిగా ఉంది: సరిహద్దు రేఖ దాటిన ఒక విశాఖ బోటు కేసు

మార్చి రెండో వారంలో ఒక ఆదివారం ఉదయం విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు యజమాని ఫోను చేశారు. ఆయన మరబోటు పన్నెండు రోజుల కిందట వేటకు వెళ్ళింది. అందులో ఎనిమిది మంది ఉన్నారు. ఆరు రోజులుగా వైర్‌లెస్‌లో జాడ లేదు. ఆ తెల్లవారుజామున బంగ్లాదేశ్ నంబరు నుంచి వచ్చిన ఫోనులో డ్రైవర్ గొంతు అర నిమిషం వినిపించిందట. “పట్టుకున్నారు, అందరం బతికే ఉన్నాం” అన్నాడు, లైను తెగిపోయింది.

నేను విశాఖలో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. ఓడల జప్తులు, సరుకు నష్టాలు, నావికుల జీతాల బకాయిలు నా రోజువారీ పని. మత్స్యకారుల కేసులు వాటి పక్కన వచ్చి చేరాయి. మనవాళ్ళు పరాయి జలాల్లో పట్టుబడిన ప్రతిసారీ “అంతర్జాతీయ చట్టం ఉంది కదా, మరి ఎందుకు వదలరు?” అని కుటుంబాలు అడుగుతాయి. చట్టం ఉంది, స్పష్టంగానే ఉంది. దాని తాళంచెవి మాత్రం ప్రభుత్వాల చేతిలో ఉంటుంది, మత్స్యకారుడి చేతిలోనో అతని లాయరు చేతిలోనో ఉండదు. ఆ తాళం తీయడానికి కావలసిన కాగితాన్ని వేళకు సిద్ధం చేసి వాళ్ళ చేతిలో పెట్టడం వరకే మన పని. ఈ కేసులో ఆ పని కొంత బాగా చేశాం, కొంత ఆలస్యంగా చేశాం, ఒకచోట నేనే తప్పు చేశాను. తీరంలో ఇలాంటి కేసులు చూసే యువ న్యాయవాదులకు పనికొస్తుందని అన్నీ రాస్తున్నాను. మనుషుల పేర్లు, బోటు నంబరు, అక్కడి కోర్టు, జైలు వివరాలు ఇవ్వడం లేదు.

బోటు అక్కడికి ఎలా చేరింది

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అందుకే మార్చి నెల అంటే హార్బర్‌లో అందరికీ తొందర. ఆ రెండు నెలల ఇంటి ఖర్చు ముందే సంపాదించుకోవాలి. దగ్గర నీళ్ళలో చేప తగ్గిపోయి విశాఖ బోట్లు ఒడిశా తీరం వెంట చాలా దూరం వెళుతున్నాయి. ఈ బోటు కూడా అలాగే పారాదీప్‌కు తూర్పుగా, కొంచెం ఆగ్నేయంగా, సుమారు 80 నాటికల్ మైళ్ళ దూరంలో ఉండగా గేర్‌బాక్స్ విరిగింది. అప్పటికే వల పైకి లాగేసి, తిరుగు ప్రయాణానికి కట్టేశారు. ఐసు పెట్టెల్లో మూడు వంతుల చేప ఉంది.

వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్‌లో పిలిస్తే ఒక బోటు పలికింది. అదీ విశాఖదే. కట్టి లాగడానికి అది దగ్గరలో లేదు, డీజిలూ చాలదు. “హార్బర్‌కు చెబుతాం” అన్నారు. ఆ తర్వాత మాట అందలేదు. లంగరు వేస్తే నేల తగిలే లోతు కాదు. ఇంజను ఆగితే బ్యాటరీ నిండదు. రెండు రోజులకు సెట్టూ, బోటు ఉన్న చోటును ఒడ్డుకు పంపే ట్రాన్స్‌పాండరూ చల్లబడ్డాయి. నాలుగో రోజు రాత్రి ఒక బంగ్లాదేశ్ గస్తీ నౌక సెర్చిలైటు వాళ్ళ మీద పడింది.

మార్చిలో బంగాళాఖాతపు పడమటి అంచు వెంట ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. ఒడిశా దాటేసరికి అది తీరాన్ని వదిలి ఈశాన్యంగా మళ్ళుతుంది. అక్టోబరు తర్వాత అదే ప్రవాహం వెనక్కి, దక్షిణానికి తిరుగుతుంది. ఇదే ప్రమాదం నవంబరులో జరిగి ఉంటే బోటు మన తీరం వైపే జారి ఉండేది. పాత డ్రైవర్లకు ఇది చెప్పక్కరలేదు. కోర్టుకు మాత్రం కాగితం మీద చూపించాలి.

సోమవారం ఉదయమే రెండు పనులు చేశాను. బోటుకు అమర్చిన ట్రాన్స్‌పాండర్ చివరి రెండు రోజుల్లో పంపిన స్థానాల వివరం కావాలని మత్స్యశాఖకు లిఖితపూర్వకంగా అడిగాను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం, 2016 నుంచి నడుపుతున్న సారట్ అనే పరికరంలో చివరి స్థానం, సమయం, బోటు రకం నింపాను. సముద్రంలో తప్పిపోయిన మనిషో పడవో గాలికీ నీటికీ ఎటు కొట్టుకుపోయి ఉంటుందో అది పటం మీద చూపిస్తుంది. వెతికే వాళ్ళ కోసం చేసిన పరికరం అది. నాకు సాక్ష్యంగా పనికొచ్చింది. పటంలో మచ్చ సరిహద్దు రేఖను దాటి అవతలికి పాకింది.

ఆ రాత్రి నా గదిలో ట్రాన్స్‌పాండర్ స్థానాలను చార్టు మీద పెన్సిలుతో ఒక్కొక్కటిగా గుర్తు పెట్టాను. చుక్కలు కలిపితే ఈశాన్యంగా వంగిన ఒకే ఒక్క మెత్తని గీత వచ్చింది. వల లాగే బోటు అలా పోదు. గంటకు రెండున్నర, మూడు నాటికల్ మైళ్ళ వేగంతో ఒక వైపు లాగి, తిరిగి, మళ్ళీ లాగుతుంది. చార్టు మీద అది నాగటి చాళ్ళలా కనిపిస్తుంది. ఈ బోటు నాలుగు రోజుల్లో పోయిందల్లా దాదాపు 80 నాటికల్ మైళ్ళు, గంటకు ఒక మైలు కూడా లేదు. మనిషి నడకకన్నా నెమ్మది. సముద్రంలో ఆ వేగంతో ఎవరూ వేట చేయరు.

రేఖ ఎక్కడిది

భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య సముద్ర సరిహద్దును 2014 జూలై 7న హేగ్ నగరం నుంచి వచ్చిన మధ్యవర్తిత్వ తీర్పు నిర్ణయించింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. ఆ ట్రిబ్యునల్‌లో భారత్ తరఫున నియమితులైన సభ్యుడు మన తెలుగువారు, పెమ్మరాజు శ్రీనివాసరావు. కొన్ని అంశాల మీద ఆయన భిన్నాభిప్రాయం రాశారు. రెండు దేశాలూ తీర్పును గౌరవించాయి. దేశాల మధ్య తగాదా అలా ముగియడం మంచి విషయం. కానీ తరతరాలుగా చేప వెంట పోయిన మత్స్యకారుడికి ఆ రేఖ నీటి మీద కనిపించదు. సుందర్బన్స్ అడవుల్లోని హరియాభంగా నది మొగ దగ్గర మొదలై 89 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కాస్త అవతలగా దాదాపు నిట్టనిలువుగా దక్షిణానికి దిగుతుంది. మా బోటు ఆ రేఖకు ఆరు మైళ్ళు అవతల దొరికింది. బంగ్లాదేశ్ తీరానికి మాత్రం ఇంకా 70 నాటికల్ మైళ్ళకు పైగా దూరంలో ఉంది.

ఈ రెండో అంకె కేసుకు ప్రాణం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు ప్రాదేశిక జలాలు, అది దాదాపు నేల లాంటిదే. అక్కడి నుంచి 200 మైళ్ళ వరకు ఈఈజెడ్ అని మేము పిలిచే ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడ చేప మీద, సముద్రపు అడుగు సంపద మీద హక్కు తీర దేశానిది. దారి మాత్రం అందరిదీ. ఈఈజెడ్‌లో మరో దేశపు పడవ ఉండటం తనంత తానుగా తప్పు కాదు. చేప పట్టడమే తప్పు. “సరిహద్దు దాటారు” అని పత్రికలు రాసే మాట భూమి సరిహద్దుకు సరిపోతుంది కానీ ఈ నీళ్ళకు సరిపోదు. మన యువ న్యాయవాదులు కూడా ఈ తేడా గమనించకుండా బెయిలు పిటిషన్లు తయారు చేయడం చూశాను.

నేను చేసిన తప్పు

నేనూ గమనించలేదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. ఈఈజెడ్‌లో చేపల చట్టాన్ని ఉల్లంఘించిన విదేశీ బోటును ఆపవచ్చు, తనిఖీ చేయవచ్చు, నిర్బంధించవచ్చు. కానీ సమంజసమైన పూచీ కడితే బోటునూ మనుషులనూ వెంటనే వదలాలి. రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలు శిక్ష వేయకూడదు. పట్టుకున్న సంగతి ఆ బోటు దేశానికి వెంటనే తెలపాలి. భారత్ 1995లో, బంగ్లాదేశ్ 2001లో ఈ ఒప్పందాన్ని ఆమోదించాయి. ఇంత స్పష్టమైన వాక్యం చేతిలో ఉంటే ఏ లాయరు ఆగుతాడు? విదేశాంగ శాఖకు పంపిన మొదటి వినతిపత్రం నిండా అదే రాశాను: చేపల నేరానికి జైలు వేయరాదు, వీళ్ళు జైల్లో ఉన్నారు, విడిపించండి.

కుటుంబాల తరఫున అక్కడ కేసు చూడటానికి కుదిరిన స్థానిక న్యాయవాది ఆ ప్రతి చదివి రాత్రి ఫోను చేశారు. మీ వినతిపత్రం ప్రకారం మీవాళ్ళు చేపలు పట్టినట్టే కదా, దీన్ని ఇక్కడ ఎవరైనా కోర్టులో పెడితే నేనేం చెప్పాలి అని అడిగారు. నిజమే. 73వ అధికరణం నేరం జరిగిన తర్వాత వచ్చే రక్షణ. అసలు నేరమే జరగలేదని, బోటు ఆపదలో కొట్టుకొచ్చిందని చెప్పవలసిన చోట నేను శిక్ష గురించి వాదించాను. ఆ రాత్రే వినతిపత్రం వెనక్కి తీసుకుని మరొకటి రాశాను. అందులో మొదటి వాదం ఆపద: యంత్రం చెడి, అదుపు తప్పి, మనిషి ఇష్టంతో పని లేకుండా వచ్చిన పడవ. రెండో వాదం: వల కట్టేసి ఈఈజెడ్‌లో ఉండటం నేరం కాదు. ఒకవేళ ఈ రెండూ ఒప్పుకోకపోతేనే మూడోది, 73. వరుస మారితే కేసు మారుతుందని ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు తర్వాత నేర్చుకున్నాను.

రెండో వాదానికి బలం మన చట్టంలోనే దొరికింది. విదేశీ బోట్ల వేటను నియంత్రించే మన 1981 నాటి సముద్ర మండలాల చట్టం, అనుమతి లేకుండా మన జలాల్లోకి వచ్చిన విదేశీ బోటు తన వలలను కట్టి భద్రపరచి ఉంచాలని 7వ సెక్షనులో చెబుతుంది. ఉండటానికీ, వేట చేయడానికీ తేడా మనం చట్టంలోనే రాసుకున్నాం. 10వ సెక్షను ప్రాదేశిక జలాల్లో అక్రమ వేటకు మూడేళ్ళ వరకు జైలో, 15 లక్షల వరకు జరిమానానో, రెండూనో వేయవచ్చంటుంది. ఈఈజెడ్‌లో అయితే 10 లక్షల వరకు జరిమానా మాత్రమే, జైలు మాటే లేదు. సముద్ర చట్ట ఒప్పందం కుదరడానికి ఏడాది ముందే మన పార్లమెంటు అలా రాసింది. పొరుగు దేశాన్ని అడిగేటప్పుడు “మీవాళ్ళ విషయంలో మా చట్టం ఇలా ఉంది” అని చూపించగలగడం చాలా విలువైన సంగతి. ఎందుకంటే అక్కడి కోర్టు ముందు నడిచేది అంతర్జాతీయ ఒప్పందం కాదు, ఆ దేశపు 2020 నాటి సముద్ర మత్స్య చట్టం. మన కోర్టులోనైనా అంతే. ఒప్పందం నేరుగా జడ్జి బల్ల మీదికి రాదు. ప్రభుత్వాలు దాన్ని పట్టుకుని మాట్లాడుకోవాలి.

“వేటకు వచ్చాం”

అక్కడి దస్త్రాల్లో డ్రైవర్ వాంగ్మూలం ఉంది. గస్తీ నౌక మీద అతన్ని ఎందుకొచ్చారని హిందీలో అడిగారు. అతనికి వచ్చిన నాలుగు ముక్కల హిందీలో “వేటకు వచ్చాం” అన్నాడు. అది “ఇక్కడ చేపలు పట్టడానికి వచ్చాం” అని రాతలోకి ఎక్కింది. జాలరిపేటలో ఎవరిని అడిగినా చెబుతారు, వేటకు వెళ్ళడమంటే సముద్రం మీదికి వెళ్ళడం. పన్నెండు రోజుల ప్రయాణం మొత్తానికీ అదే పేరు. వల వేసినా వేటే, ఇంజను చెడి ఆకాశం చూస్తూ పడుకున్నా వేటకు వెళ్ళినట్టే. ఈ ఒక్క మాట మీద నేను మూడు పేజీల అఫిడవిట్ రాయించాను. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 14వ అధికరణం ప్రకారం నిందితుడికి ఆరోపణ తనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, కోర్టులో ఖర్చు లేకుండా దుబాసీని ఇవ్వాలి. రెండు దేశాలూ అందులో ఉన్నాయి. బంగాళాఖాతం పై అంచున తెలుగు దుబాసీ దొరకడం మాత్రం మాటల్లో చెప్పినంత తేలిక కాదు.

వాంగ్మూలం మమ్మల్ని ముంచితే జప్తు పంచనామా తేల్చింది. దాని నకలు అక్కడి న్యాయవాది సంపాదించి పంపారు. వస్తువుల వరుసలో పదకొండోది: ట్రాల్ వల ఒకటి, పొడిగా ఉంది, నీలం తాడుతో వెనుక భాగాన కట్టి ఉంది. పన్నెండోది: గేర్‌బాక్స్ తెరిచి ఉంది, పళ్ళు విరిగి ఉన్నాయి. ఆ రెండు పంక్తులు రాసిన సిబ్బంది ఎవరో నాకు తెలియదు. చూసింది చూసినట్టు రాశారు. అర్ధరాత్రి, ఊగే డెక్కు మీద, తమ దేశం తరఫున మనుషులను పట్టుకుంటూ కూడా వల తడిగా ఉందో లేదో చేత్తో తాకి చూసి నిజం రాసిన ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

డబ్బిచ్చేవారు, జైల్లో ఉన్నవారు

ఈ కేసులో నాకు నిద్ర పట్టనివ్వనిది అంతర్జాతీయ చట్టం కాదు. నన్ను పెట్టుకుని ఫీజు ఇచ్చింది బోటు యజమాని. జైల్లో ఉన్నది ఎనిమిది మంది కళాసీలు. మొదట్లో ఇద్దరికీ కావలసింది ఒకటే అనిపించింది. రెండో నెలలో అక్కడి నుంచి ఒక సూచన వచ్చింది: నేరం ఒప్పుకుంటే ఇప్పటికే గడిపిన రోజులను శిక్షగా లెక్కగట్టి మనుషులను వదలవచ్చు. బోటు మాత్రం జప్తవుతుంది.

యజమానికి ఆ బోటు సగం ఆస్తి, మిగతా సగం అప్పు. పోరాడదాం, మనం తప్పు చేయలేదు కదా అన్నారు ఆయన. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ పోరాడే ఆ నెలలన్నీ జైల్లో గడపవలసింది ఆయన కాదు. నేను ఆయన్ను ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పాను: “అన్నా, ఈ రోజు నుంచి నేను ఆ ఎనిమిది మందికే లాయర్ని. బోటు కోసం మీరు వేరొకరిని పెట్టుకోండి. ఇప్పటిదాకా ఇచ్చిన ఫీజులో మిగిలింది తిరిగి ఇస్తాను.” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్ళిపోయారు. మరుసటి వారం వచ్చి, డబ్బు వద్దు, పిల్లలను తీసుకురండి అన్నారు.

తర్వాత ఆ సూచనను ఎనిమిది కుటుంబాల ముందు పెట్టాను. ఒక్కో ఇంటికి వెళ్ళి విడివిడిగా అడిగాను, గుంపులో అడిగితే గట్టిగా మాట్లాడేవారి మాటే అందరి మాటవుతుంది. నిర్ణయం మగవాళ్ళదే, వాళ్ళు జైల్లో ఉన్నారు. అందుకే అక్కడి మన దౌత్య కార్యాలయంలోని కాన్సులర్ అధికారి ద్వారా ప్రశ్న పంపాం. జవాబు ఒకే మాటగా వచ్చింది: చేయని తప్పు ఒప్పుకోం. ఒకసారి ఒప్పుకుంటే రేపు ఏ బోటు కొట్టుకుపోయినా దొంగ బోటే అంటారు. ఆ జవాబు నేను ఊహించలేదు.

పదిహేడేళ్ళవాడు

ఎనిమిది మందిలో ఒకడు పట్టుబడినప్పుడు తన వయసు పంతొమ్మిది అని చెప్పాడు. పెదజాలరిపేటలో వాళ్ళ అమ్మ రేకు పెట్టె తెరిచి ఆధార్ కార్డు, బడి సర్టిఫికెట్ నా చేతిలో పెట్టింది. పదిహేడు నిండి నాలుగు నెలలు. బోటు ఎక్కించిన వాళ్ళకు ఇబ్బంది అవుతుందని ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ కూడా ఎత్తలేదు, ఆ ఇంటికి పని ఇచ్చింది ఆ యజమానే.

బాలల హక్కుల ఒప్పందం ప్రకారం పిల్లలను నిర్బంధించడం చివరి మార్గం కావాలి, వీలైనంత తక్కువ కాలం కావాలి. బంగ్లాదేశ్ 2013 నాటి బాలల చట్టం కూడా పద్దెనిమిది లోపు వారిని బాలలుగానే చూస్తుంది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దాచడం తప్పు అని అమ్మకు చెప్పి, ఒప్పించి, వయసు పత్రాలు పంపించాను. పత్రాలు చేరాయి, అక్కడి కోర్టు వాటిని మన్నించింది, కుర్రవాణ్ణి పెద్దల జైలు నుంచి బాలల కేంద్రానికి మార్చింది.

అంటే తెలుగు మాట్లాడే ఏడుగురి నుంచి అతన్ని విడదీసింది. డ్రైవర్ అతనికి వరసకు మేనమామ. జైల్లో రాత్రి పక్కన పడుకునేవాడట. బాలల కేంద్రంలో మంచం ఉంది, తిండి ఉంది, తన మాట తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. రెండున్నర నెలలు అలా గడిపాడు. నేను చేసింది చట్ట ప్రకారం సరైన పనే. మళ్ళీ అలాంటి కేసు వస్తే వయసు పత్రాలతో పాటు బంధువుతో కలిసి ఉంచే ఏర్పాటు కోరుతూ ఇంకో దరఖాస్తు అదే కవరులో పెడతాను. అప్పుడు తట్టలేదు.

పేరులో ఒక అక్షరం

వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం 1963 నాటిది. దాని 36వ అధికరణం ప్రకారం పట్టుబడిన విదేశీయుడికి తన దేశపు కాన్సులర్ అధికారితో మాట్లాడే హక్కు ఉందని ఆలస్యం లేకుండా చెప్పాలి. ఇది దేశానికే కాదు, వ్యక్తికీ హక్కేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2001లో జర్మనీ, అమెరికాల మధ్య నడిచిన లాగ్రాండ్ కేసులో తేల్చింది. 2019 జూలైలో కులభూషణ్ జాదవ్ కేసులో భారత్ గెలిచిందీ ఈ అధికరణం మీదే. మా కేసులో కాన్సులర్ భేటీ మూడు వారాలకు జరిగింది. ఆలస్యమే, కానీ జరిగింది. అసలు జాప్యం అక్కడ కాదు, ఆ తర్వాత మన వైపు వచ్చింది.

విడుదలకు ముందు వీళ్ళు భారతీయులేనని మనం ధ్రువీకరించాలి. ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పోలీసు స్టేషనుకు కాగితం దిగి, మళ్ళీ అదే మెట్లు ఎక్కాలి. ఐదుగురివి త్వరగా అయ్యాయి. ముగ్గురివి నిలిచిపోయాయి. అక్కడి నుంచి వచ్చిన జాబితాలో ఇద్దరి ఇంటిపేర్లు ‘బ’తో మొదలయ్యాయి. స్టేషనులో అలాంటి మనిషే లేడన్నారు. బెంగాలీలో మన ‘వ’ పలకదు, వాళ్ళు ‘బ’ అనో ‘భ’ అనో రాస్తారు. మనం ఇంటిపేరు ముందు చెబుతాం, వాళ్ళు దాన్నే అసలు పేరనుకున్నారు. తెలుగు నుంచి బెంగాలీకి, బెంగాలీ నుంచి ఇంగ్లీషుకు మారి తిరిగొచ్చేసరికి కన్నతల్లి కూడా గుర్తుపట్టలేని పేర్లయ్యాయి. మూడో మనిషిది వేరే కథ. అతనిది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం, ఆధార్ మాత్రం విశాఖ చిరునామాతో ఉంది. రెండు జిల్లాలూ “మాది కాదు” అన్నాయి.

హైకోర్టులో రిట్ వేయమని కుటుంబాలు మొదటి రోజు నుంచీ అడుగుతున్నాయి. విడిపించమని మన ప్రభుత్వాన్ని ఆదేశించండి అని అడిగితే, విదేశీ వ్యవహారాల్లో కోర్టులు సహజంగా వెనక్కి తగ్గుతాయి. ఒకసారి కొట్టేస్తే ఆ తర్వాత ఎవరూ మన మాట వినరు. అందుకే ఆపాను. ధ్రువీకరణ దగ్గర పని ఆగినప్పుడు మాత్రం వేశాను, రెండే కోరికలతో: పౌరసత్వ నిర్ధారణకు గడువు పెట్టండి, కేసు ఏ స్థితిలో ఉందో కుటుంబాలకు తెలపమనండి. అంతర్జాతీయ బాధ్యతలను గౌరవించాలన్న రాజ్యాంగం 51వ అధికరణాన్ని, జీవించే హక్కునిచ్చే 21ని కలిపి చూపించాను. నోటీసులు వెళ్ళిన పదకొండో రోజున ముగ్గురి ధ్రువీకరణా పూర్తయింది. తుది తీర్పు అవసరమే రాలేదు.

వాడని ఆయుధం

సముద్ర చట్ట ఒప్పందంలోనే 292వ అధికరణం ఉంది. పట్టుకున్న బోటును పూచీ మీద త్వరగా వదలకపోతే, పది రోజుల తర్వాత జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఫ్రాన్స్ పట్టుకున్న పనామా పతాకపు చేపల ఓడ కమూకో కేసులో 2000 జనవరి 17న దరఖాస్తు పడితే ఫిబ్రవరి 7న తీర్పొచ్చింది. ఫ్రాన్స్ కోర్టు అడిగిన 2 కోట్ల ఫ్రాంకుల పూచీని 80 లక్షలకు తగ్గించి ఓడనూ కెప్టెన్‌నూ వదలమన్నారు. మూడే వారాలు. అప్పుడు ఆ ట్రిబ్యునల్ అధ్యక్షులు కూడా తెలుగువారే, పి.చంద్రశేఖరరావు.

అక్కడికి వెళ్ళగలిగింది బోటు దేశం, లేదా ఆ దేశం అధికారమిచ్చినవారు మాత్రమే. కోట్ల విలువైన ఉక్కు ఓడల కోసం దేశాలు వెళ్ళాయి. ఎనిమిది మంది కళాసీల చెక్క బోటు కోసం పొరుగు దేశాన్ని హాంబర్గ్‌కు లాగడం స్నేహానికి చేటని ఎవరైనా అంటారు, అందులో అర్థం ఉంది. అయితే ఆ స్నేహంతోనే ఒక పని చేయవచ్చు. యంత్రం చెడి కొట్టుకొచ్చిన చిన్న బోట్లను కోర్టుల దాకా పోనివ్వకుండా, సముద్రంలోనే తనిఖీ చేసి, రేఖ దగ్గర కోస్ట్ గార్డుకు అప్పగించే స్థిరమైన ఏర్పాటు రెండు ప్రభుత్వాలూ రాసుకోవాలి. ఆపదలో ఉన్నవారిని ఆదుకోవాలని ఒప్పందంలోని 98వ అధికరణం ఎలాగూ చెబుతోంది. దీని మీద నేను రాసిన వినతులకు లెక్క లేదు, ఇంకా రాస్తాను.

విడుదల

చివరికి పని చేసింది ముందున్న ఉదాహరణ. 2025 జనవరి 5న రెండు దేశాలూ సముద్ర సరిహద్దు రేఖ దగ్గర మత్స్యకారులను మార్చుకున్నాయి. మనవాళ్ళు 95 మంది ఇటు, వాళ్ళవాళ్ళు 90 మంది అటు. దాన్ని చూపిస్తూ, ట్రాన్స్‌పాండర్ గీత, ఇన్‌కాయిస్ పటం, వైర్‌లెస్‌లో వాళ్ళ పిలుపు విన్న రెండో బోటు డ్రైవర్ అఫిడవిట్, పంచనామాలోని పదకొండు, పన్నెండు వరుసలు ఒకే ఫైలులో కట్టి దౌత్య కార్యాలయానికి చేర్చాం. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడే నడుస్తోంది. దాని 494వ సెక్షను కింద కోర్టు అనుమతితో ప్రాసిక్యూషన్ కేసు వెనక్కి తీసుకోవచ్చు. అదే జరిగింది. శిక్ష లేదు, నేరం ఒప్పుకోలేదు, బోటు కూడా వదిలారు. నాలుగున్నర నెలలు పట్టింది.

ఆగస్టు మొదటి వారంలో మరో బోటు లాగుతుండగా వాళ్ళ బోటు హార్బర్‌లోకి వచ్చింది. ఇంజనులో ఉప్పు నీరు చేరి తుప్పు పట్టింది. ఐసు గది తలుపు తెరిస్తే ఎవరూ నిలబడలేకపోయారు. కుర్రవాడు జెట్టీ మీద వాళ్ళ అమ్మతో రెండు మూడు మాటలు బెంగాలీలో అనేసి ఆగిపోయాడు. వెనుక వల అలాగే నీలం తాడుతో కట్టి ఉంది. మడతల్లో ఎలుకలు కొరికిన చోట్లు తప్ప ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

ఇప్పుడు వేటకు వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చే డ్రైవర్లకు నాలుగు సంగతులు చెబుతున్నాను. ఇంజను ఆగిన వెంటనే, బ్యాటరీ చావకముందే ట్రాన్స్‌పాండర్‌లో ఆపద సందేశం పంపండి. ఇంటివాళ్ళు ఒడ్డు నుంచి కోస్ట్ గార్డు 1554 నంబరుకు ఫోను చేయాలి, ఆ ఫోను సమయం రేపు మీ సాక్ష్యం. వల కట్టేసి ఉంటే ఫోనుతో ఫోటో తీసి ఉంచండి. ఎవరైనా అడిగితే “వేటకు వచ్చాం” అనకండి, “ఇంజను చెడింది” అనండి.

ఒక పని మిగిలి ఉంది. విడుదల ఉత్తర్వులో ఒకతని ఇంటిపేరు ఇంకా ‘బ’తోనే ఉంది. ఆ కాగితం చూపించి ఆ నెలల కాలానికి సాయం అడిగితే, ఇది నీ పేరు కాదన్నారట. సవరణ కోసం దౌత్య కార్యాలయానికి రెండోసారి రాశాను. అతని భార్య ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి జవాబు వచ్చిందా అని అడిగి వెళుతుంది.